కణానికి కాపలా కాసే కూరగాయలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మాస్టారికి ఇరవై నిమిషాలంటే సగం పీరియడు. ఆ సగం పీరియడులోనే ముగించే ప్రయత్నం చేస్తాము. మేము బడిలో పాఠం చెప్పేది ఉర్దూలో. ఈ సంచిక తెలుగులో వస్తున్నది గనుక తెలుగులోనే మనవి చేస్తున్నాము. మధ్యమధ్య మన ఇళ్లలోని ఉర్దూ మాటలు దొర్లుతాయి. వంటింటి సంగతి గదా, తప్పదు.

యాంటీఆక్సిడెంటు అనే మాట ఇప్పుడు అందరి నోటా వినబడుతున్నది. టీ పొట్లం మీద అదే మాట, బిస్కెట్ల మీద అదే మాట, ఫోన్లలో వచ్చే సందేశాలలో అదే మాట. అక్కడితో ఆగితే పరవాలేదు. మా విద్యార్థి తండ్రి ఒకాయన ఆటో నడుపుతారు. చక్కెర జబ్బు ఉంది. ఎవరో తెలిసినవారు వచ్చి, “ఈ డబ్బాలో పొడి రోజూ రెండు చెమ్చాలు తాగండి, యాంటీఆక్సిడెంట్లున్నాయి, ఏ జబ్బూ మీ దగ్గరికి రాదు” అని అంటగట్టారు. నెలకొక డబ్బా. ఆ డబ్బా ఖరీదు పెడితే ఆ ఇంటికి నెలంతా ఆకుకూరలు, పళ్లు వచ్చేవి. డబ్బా వచ్చాక కూరలు తగ్గాయి. పైగా ఆయన మా దగ్గరికి వచ్చి, “మాస్టర్ సాబ్, ఇంక షుగరు మాత్ర మానెయ్యొచ్చా?” అని అడిగారు. మానవద్దని గట్టిగా చెప్పి డాక్టరు దగ్గరికి పంపాము. ఆయన లాంటి వారు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచీ విడమరచి చెబుదామని వచ్చాము.

కోసిన ఆపిల్ ఎందుకు నల్లబడుతుంది?

పిల్లలకు మేము ఈ పాఠం ఇలా మొదలుపెడతాము. ఒక ఆపిల్‌ను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కకు నిమ్మరసం పూసి, రెండోదాన్ని అలాగే వదిలేస్తాము. అరగంటలో వదిలేసిన ముక్క గోధుమ రంగుకు తిరుగుతుంది. నిమ్మరసం పూసినది తెల్లగానే ఉంటుంది. వంకాయ కోసి ఉప్పునీళ్లలో వేయడం మీ అందరికీ తెలుసు. వేయకపోతే నల్లబడుతుంది. ఇనుప మేకు తడిలో తుప్పు పడుతుంది. డబ్బాలో నూనె ఎక్కువ రోజులుంటే కమురు వాసన వేస్తుంది. ఇవన్నీ వేరు వేరుగా కనిపించినా అన్నింటిలోనూ ఉన్నది గాలిలోని ఆక్సిజనే. అది ఇతర పదార్థాలతో కలిసి వాటిని మార్చివేస్తుంది. దీన్నే తెలుగు పుస్తకాలలో ఆక్సీకరణ అంటారు, మా ఉర్దూ పుస్తకాలలో తక్సీద్ అంటాము.

చిత్రమేమంటే, ఏ ఆక్సిజన్ లేకుంటే మనం నాలుగు నిమిషాలు బతకలేమో, ఆ ఆక్సిజనే మన ఒంట్లో ఈ పని కొంత చేస్తూ ఉంటుంది. మన శరీరం కోట్లాది కణాలతో కట్టబడింది. కణాన్ని ఉర్దూలో ఖలియా అంటారు. దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న చిన్న పొయ్యిలున్నాయి. మనం తిన్న అన్నాన్ని, పీల్చిన ఆక్సిజన్‌ను కలిపి అవి శక్తిని తయారు చేస్తాయి. ఎంత మంచి పొయ్యి అయినా ఒకటీ అరా నిప్పురవ్వ ఎగరక మానదు. ఈ పొయ్యిలలోంచి ఎగిరే రవ్వలనే ఫ్రీ రాడికల్స్ అంటున్నారు.

ఈ రవ్వలు ఏమిటి? అణువులలో ఎలక్ట్రానులు సాధారణంగా జోడు జోడుగా ఉంటాయి. జోడు తప్పిన ఎలక్ట్రాను ఉన్న అణువుకు స్థిమితం ఉండదు. పక్కనున్న అణువు నుంచి ఒకదాన్ని లాక్కుంటుంది. అప్పుడు ఆ పక్కది జోడు తప్పుతుంది. అది ఇంకోదాని మీద పడుతుంది. గొలుసులాగా సాగిపోతుంది. ఈ గొలుసు కణం చుట్టూ ఉండే కొవ్వు పొరను తాకితే పొర దెబ్బ తింటుంది. కణం లోపలి డి.ఎన్.ఎ.ను తాకితే అక్కడి రాత చెరిగిపోతుంది. ఇలాంటి అణువు ఒకటి ఉన్నదని మొట్టమొదట 1900లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయంలో మోజెస్ గోంబర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. మనిషి ముసలివాడు కావడంలో వీటి పాత్ర ఉన్నదని 1956లో డెన్‌హామ్ హార్మన్ అనే మరో శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు.

అయితే మన ఒళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రవ్వ ఎగిరిన చోటనే ఆర్పేసే కాపలాదారులు కణంలోనే ఉన్నాయి. వాటిలో ఒకటైన సూపరాక్సైడ్ డిస్‌మ్యుటేజ్ పనిని 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు కనిపెట్టారు. రెండోదాని పేరు కాటలేజ్. దీని పనిని పిల్లలు కళ్లారా చూడవచ్చు. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడును, పెద్దలెవరైనా పక్కనుండగా, కోసిన బంగాళదుంప మీద ఒక చుక్క వేయండి. బుసబుసమని నురగ వస్తుంది. దుంపలోని కాటలేజ్ ఆ పదార్థాన్ని విడగొట్టి నీళ్లుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తున్నదన్న మాట. ఈ పనే మన కణాలలో రాత్రింబవళ్లు జరుగుతున్నది.

ఇంకొక మాట. ఈ రవ్వలన్నీ మన శత్రువులు కావు. ఒంట్లోకి సూక్ష్మక్రిములు చొరబడినప్పుడు తెల్ల రక్తకణాలు కావాలనే ఈ రవ్వలను పుట్టించి క్రిములను కాల్చేస్తాయి. నిప్పు ఉండాలి, అయితే పొయ్యిలోనే ఉండాలి. ఇంటి కప్పు మీద ఉండకూడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

చెట్టుకు నీడ ఎవరిస్తారు?

ఎండ కాస్తే మనం చెట్టు కిందికి పోతాము. చెట్టు ఎక్కడికి పోతుంది? ఏప్రిల్, మే నెలల ఎండలో నిలబడి వెలుతురును తాగవలసిందే. ఆకు ఆ వెలుతురుతోనే ఆహారం వండుకుంటుంది. వెలుతురు మోతాదు మించితే అక్కడా రవ్వలు పుడతాయి. అందుకని మొక్కలు తమ కాపలా కోసం రకరకాల పదార్థాలను తయారు చేసుకుంటాయి. మనం మొక్కను తిన్నప్పుడు ఆ పదార్థాలు మనకూ దక్కుతాయి. వీటిని నాలుగు కుటుంబాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది విటమిన్ సి. దీని కథ మన ఆపిల్ ముక్కతోనే ముడిపడి ఉంది. హంగరీ దేశస్థుడైన ఆల్బర్ట్ సెంట్-జార్జి, కొన్ని మొక్కలు కోస్తే నల్లబడతాయి, కొన్ని నల్లబడవు, ఎందుకు అన్న ప్రశ్నతో పని మొదలుపెట్టాడు. 1928లో ఒక పదార్థాన్ని విడదీశాడు. అది తగినంత దొరక్క ఇబ్బంది పడుతుంటే, తన ఊరు సెగెడ్ ప్రాంతంలో విరివిగా పండే మిరపకాయలు అక్కరకొచ్చాయి. 1930లలో ఆ మిరపకాయల నుంచి కిలోకు పైగా తీయగలిగాడు. అదే విటమిన్ సి అని తేలింది. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆవు, మేక, కుక్క తమ ఒంట్లోనే విటమిన్ సి తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు, తినవలసిందే.

రెండోది విటమిన్ ఇ. 1922లో అమెరికాలోని బర్క్‌లీలో ఇవాన్స్, బిషప్ అనే ఇద్దరు దీన్ని కనుగొన్నారు. ఇది నూనెలో కరిగే పదార్థం. గింజలలో, పల్లీలలో, బాదంలో ఉంటుంది. కణం చుట్టూ ఉన్న కొవ్వు పొరలో కూర్చుని గొలుసును మధ్యలో తెంపేస్తుంది. అలా తెంపి అలసిపోయిన విటమిన్ ఇ ని విటమిన్ సి మళ్లీ లేపి నిలబెడుతుంది. ఒకరికొకరు తోడు.

మూడోది కెరోటినాయిడ్లు. క్యారెట్‌లో ఉన్నది బీటా కెరోటిన్, టమాటాలో ఉన్నది లైకోపిన్, ఆకుకూరల్లో లుటీన్. పాలకూర, తోటకూర, మునగాకు పచ్చగా కనిపించినా వాటి లోపల ఈ పసుపు రంగు దాగి ఉంది. పచ్చదనం పైకి కనిపించేసరికి పసుపు కనబడదు, అంతే. మామిడిపండు, బొప్పాయి, ఎర్ర గుమ్మడికాయ ఇదే కుటుంబం.

నాలుగోది పాలీఫినాల్స్. ఇది చాలా పెద్ద ఖాన్‌దాన్, వేల రకాలు. ఉల్లిగడ్డలో ఉన్న క్వెర్‌సెటిన్, నేరేడుపండుకు, వంకాయ తొక్కకు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్, టీ ఆకులోని కాటెకిన్లు, పసుపులోని కర్‌కుమిన్ అన్నీ ఇందులోవే. నోట్లో వగరు తగిలితే చాలాసార్లు అది వీరి పనే.

మాత్రలు చేసి చూశారు

ఇంతవరకు విన్నవారు, మరి ఈ పదార్థాన్ని తీసి మాత్రగా చేసుకుని మింగితే సరిపోదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. శాస్త్రజ్ఞులూ సరిగ్గా అదే అనుకున్నారు. కూరగాయలు, పళ్లు ఎక్కువ తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తున్నదని లెక్కలు చూపించాయి. బీటా కెరోటిన్ వల్లనే ఈ మేలు కలుగుతున్నదా అని 1981లో రిచర్డ్ పెటో, ఆయన సహచరులు ‘నేచర్’ పత్రికలో ప్రశ్న లేవదీశారు. ఇక పరీక్షించి చూడటమే మిగిలింది.

ఫిన్లండు దేశంలో 50 నుంచి 69 ఏళ్ల వయసున్న 29,133 మంది పొగతాగే మగవారిని తీసుకుని, కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఏమీ లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 5 నుంచి 8 ఏళ్లు నడిపారు. 20 మిల్లీగ్రాములంటే పావు కిలోకు పైగా క్యారెట్లలో ఉండేంత. 1994లో ఫలితం బయటపెట్టారు. బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరిగదా, 18 శాతం పెరిగింది.

ఇదేదో పొరపాటై ఉంటుందని అనుకున్నవారున్నారు. అప్పటికే అమెరికాలో ఇలాంటిదే మరో పరీక్ష నడుస్తున్నది. 18,314 మంది. పొగతాగేవారు, మానినవారు, ఆస్‌బెస్టాస్ పనిచేసినవారు. వీరిలో కొందరికి బీటా కెరోటిన్‌తో బాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనబడేసరికి 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ ఇ సంగతి చూద్దాం. అమెరికా, కెనడాలలో 35,000కు పైగా మగవారి మీద జరిగిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. రోజూ పెద్ద మోతాదు విటమిన్ ఇ మింగినవారిలో ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సర్ 17 శాతం ఎక్కువైంది. 2022లో అమెరికా ప్రభుత్వానికి సలహా ఇచ్చే వైద్య నిపుణుల మండలి, గుండెజబ్బు, క్యాన్సర్ రాకుండా ఉండడానికని బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలు వాడవద్దని స్పష్టంగా చెప్పింది.

ఎందుకిలా అయింది? ఇందాక నిప్పు పొయ్యిలో ఉండాలి అన్నాము గుర్తుందా? ఆ నిప్పు కొంత అవసరం. 2009లో జర్మనీలో 40 మంది యువకుల చేత నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. సగంమందికి విటమిన్ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో ఇచ్చారు. మాత్రలు వేసుకోనివారి ఒళ్లు ఇన్సులిన్‌ను మునుపటి కంటే బాగా వాడుకోసాగింది. మాత్రలు మింగినవారికి ఆ లాభం రాలేదు. వ్యాయామంలో పుట్టే కాసిని రవ్వలే కణానికి ‘మేలుకో, నీ కాపలా పెంచుకో’ అని చెప్పే హెచ్చరిక గంట. మాత్ర ఆ గంట నోరు నొక్కేసింది. పొద్దున్నే నడకకు పోతున్న చక్కెర జబ్బువారు ఈ సంగతి గమనించాలి.

మొక్కల పదార్థాలు కూడా చాలావరకు ఈ గంట కొట్టే పనే చేస్తాయని ఇప్పుడు తేలుతున్నది. పాలీఫినాల్స్ రక్తంలోకి చేరేది బహు కొద్ది. ఆ కొద్దీ తామే వెళ్లి రవ్వలను ఆర్పడం కంటే, కణంలో నిద్రపోతున్న కాపలాదారులను తట్టి లేపుతాయి. అందుకే కొద్ది కొద్దిగా, రకరకాలుగా, ప్రతిరోజూ రావాలి. ఒకే పదార్థం గుట్టగా వచ్చి పడితే ఆ లెక్క తప్పుతుంది. పొగతాగేవారి ఊపిరితిత్తులలో కెరోటినే ఆక్సీకరణకు లోనై హాని చేసి ఉండవచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. క్యారెట్ తిన్నవాడికి కెరోటిన్ ఒక్కటే రాదు. పీచు, విటమిన్ సి, ఇంకా పదుల కొద్దీ పదార్థాలు వెంట వస్తాయి. ఇది పెళ్లిబృందం లాంటిది. పెళ్లికొడుకు ఒక్కడే వచ్చి కూర్చుంటే పెళ్లి కాదు.

డబ్బాల మీద ‘ఇంత యాంటీఆక్సిడెంటు బలం’ అని అంకెలు వేస్తారు చూశారా? అవి గాజు గొట్టంలో కొలిచిన అంకెలు. గాజు గొట్టంలో జరిగింది ఒంట్లో జరుగుతుందని లేదు. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాంటి అంకెల పట్టిక ఒకటి తయారు చేసి పెట్టి, కంపెనీలు దాన్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయని, ఆ అంకెలకూ ఆరోగ్యానికీ సంబంధం రుజువు కాలేదని 2012లో తానే తీసివేసింది. పసుపు కూడా అంతే. కూరలో వేసే చిటికెడు పసుపు వేరు, మాత్రలలో కుక్కిన కర్‌కుమిన్ వేరు. అలాంటి మాత్రలు వాడి కాలేయం దెబ్బతిన్నవారు ఇటలీలోనూ అమెరికాలోనూ ఉన్నారు. లోపం ఉన్నదని డాక్టరు చెప్పి రాసిచ్చిన విటమిన్ మాత్ర సంగతి వేరు, అది తప్పక వాడాలి. మేము చెబుతున్నది ఎవరో చెప్పారని మింగే వాటి గురించి.

మన వంటింట్లో ఏమున్నది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఇది తల్లులకు, అక్కచెల్లెళ్లకు చెబుతున్నామంటే మగవారు వినకూడదని కాదు. సంచి పట్టుకుని మార్కెట్టుకు పోయేది తామే గదా.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో తినే 528 రకాల ఆహారాలలో ఏమేమున్నాయో కొలిచి 2017లో పెద్ద పట్టిక వేశారు. ఇలాంటి పట్టికలు చూస్తే మనం దేనికి ఎక్కువ డబ్బు పెడుతున్నామో, దేనిలో ఎక్కువ ఉన్నదో తెలుస్తుంది. 100 గ్రాముల జామపండులో విటమిన్ సి 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. నారింజలో 50కి అటూ ఇటూ. ఆపిల్‌లో పది కూడా ఉండదు. ఉసిరికాయలో రకాన్ని బట్టి, కొలిచిన పద్ధతిని బట్టి 250 నుంచి 600 దాకా చెబుతారు. మనం రోగిని పరామర్శించడానికి పోతూ జామపండ్ల బండిని దాటిపోయి ఆపిళ్లు కొంటాము! జామపండు తీసుకుపోతే ఏమనుకుంటారో అని మొహమాటం. ఆ మొహమాటం వదులుకోమని మా విన్నపం.

మన పెద్దల వంటలో చాలా తెలివి ఉంది. ‘టమాటే కా కట్’ ఉన్నది చూడండి. టమాటాలను ఉడికించి, గుజ్జు తీసి, నూనెలో తాలింపు పెట్టి, మళ్లీ మరిగిస్తారు. లైకోపిన్ పచ్చి టమాటాలో కంటే ఇలా నూనెతో ఉడికినప్పుడే ఒంటికి బాగా పడుతుంది. బగారా బైంగన్‌లో చిన్న వంకాయలను తొక్కతోనే వండుతారు. ఊదా రంగు పదార్థమంతా ఆ తొక్కలోనే ఉంది. అంబాడా అన్నా గోంగూర అన్నా ఒకటే. చింతచిగురును మనవాళ్లు చిగుర్ గోష్త్ అని తెలుగు పేరుతోనే వండుతారు. పాలక్ గోష్త్ ఎలాగూ ఉంది. ఆకుకూరలోని కెరోటిన్‌కు కొద్దిగా కొవ్వు తోడు కావాలి, అప్పుడే ఒంటికి పడుతుంది. మాంసంలో ఆకుకూర వేయడం మంచి పద్ధతి. అయితే మాంసం నాలుగు పాళ్లు, ఆకు ఒక పాలు కాకుండా చూసుకోవాలి. మన ఇళ్లలో జరుగుతున్నది మాత్రం అదే. దావతులలో ఉల్లిగడ్డ, కీర, నిమ్మకాయ పెట్టిన పళ్లెం ఎవరూ ముట్టకుండా తిరిగి వెళ్లడం ఎన్నిసార్లు చూడలేదు?

మరి కొన్ని చిన్న చిన్న జాగ్రత్తలు. ఉల్లిగడ్డ ఒలిచేటప్పుడు ఎండిన పొట్టు మాత్రమే తీయండి. పై పొరల్లోనే క్వెర్‌సెటిన్ ఎక్కువ, రెండు మూడు పొరలు తీసి పారేస్తే పోయినట్లే. కూరగాయలు ముందు కడిగి తరువాత కోయాలి. కోసి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే విటమిన్ సి కూడా మోరీలో పడుతుంది. అది వేడికి కూడా తట్టుకోదు. అందుకని నిమ్మకాయ పప్పు దించాక పిండాలి. పుదీనా, కొత్తిమీర చివర్లో వేయాలి. రోజుకొక పచ్చి పండో, పచ్చడో ఉండాలి. రంగులు మార్చి మార్చి కొనండి. ఒకనాడు ఆకుపచ్చ, ఒకనాడు ఎరుపు, ఒకనాడు ఊదా. ఏ రంగు ఏ కుటుంబమో జ్ఞాపకం పెట్టుకోకపోయినా పని జరిగిపోతుంది.

ఎంత తినాలి? మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పళ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇందులో బంగాళదుంప లెక్కకు రాదు. ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోలన్న మాట. మన ఇంట్లో ఎంత కొంటున్నామో ఈ రాత్రి ఎవరికి వారే లెక్క చూసుకోండి.

టీ సంగతి, నూనె సంగతి, పొగ సంగతి

టీ మన ప్రాణం. టీలో పాలీఫినాల్స్ ఉన్న మాట నిజమే. అయితే అవే పదార్థాలు అన్నంలోని, పప్పులోని, ఆకుకూరలోని ఇనుమును పట్టుకుని ఒంటికి పట్టనీయవు. భోజనంతో బాటే టీ తాగితే ఆ ఇనుము సగానికి పైగా వృథా. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మా బడిలో పదో తరగతి ఆడపిల్లలు ప్రార్థనలో నిలబడి కళ్లు తిరిగి కూలబడటం మేము చూస్తూనే ఉన్నాము. టీ మానమని చెప్పడం లేదు. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. భోజనంలో నిమ్మకాయ గానీ జామపండు గానీ ఉంచండి. విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

నూనె విషయం. సమోసాలు, మిర్చీలు వేయించిన నూనెను మళ్లీ మళ్లీ కాస్తే అది ఆక్సీకరణ చెంది చెడిపోతుంది. ఒకవైపు యాంటీఆక్సిడెంటు పొడి తాగుతూ మరోవైపు నల్లబడిన నూనెలో పకోడీలు తినడం, ఒక చేత్తో నీళ్లు పోస్తూ ఇంకో చేత్తో మంట పెట్టడమే. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 నుంచి నియమం పెట్టింది. ఇంట్లో కొలిచే సాధనం ఉండదు. రంగు ముదిరి, చిక్కబడి, నురగ కట్టి, త్వరగా పొగ వస్తున్నదంటే దాని పని అయిపోయిందని అర్థం.

ఇక పొగ. ఇక్కడ పెద్దలున్నారు, కోపగించుకోవద్దు. సిగరెట్ ఒక్క దమ్ములో పది కోటి కోట్ల దాకా ఫ్రీ రాడికల్స్ ఉంటాయని లెక్క కట్టారు. అవి నేరుగా ఊపిరితిత్తుల మీద పడతాయి. పొగతాగేవారికి విటమిన్ సి మామూలుకన్నా రోజుకు 35 మిల్లీగ్రాములు ఎక్కువ కావాలని నిపుణులు చెప్పారు. అయితే ఈ లెక్క వినగానే, ‘ఒక జామపండు తింటే సరి’ అనుకునేరు! ఫిన్లండు ఫలితం అందుకే చెప్పాము. సిగరెట్టుకూ బీడీకీ విరుగుడు ఏ కూరలోనూ లేదు, ఏ మాత్రలోనూ లేదు. మానడం ఒక్కటే దారి.

ముగించే ముందు

మేము చెప్పిన దానిలో నాలుగు మాటలు ఇంటికి తీసుకుపొండి. మొక్కల్లోని రక్షక పదార్థాలు నిజం. అవి మందు కాదు, ఆహారం. జబ్బు వచ్చినవారికి డాక్టరు ఇచ్చిన మందును అవి మాన్పించలేవు, జబ్బు రాకుండా మన వంతు చేసే ప్రయత్నంలో మాత్రం వాటికి చోటుంది. వాటిని డబ్బాలో వెతకవద్దు, మన వీధిలో తోపుడుబండి మీద, బస్తీ మార్కెట్టులో, పెరట్లో వెతకండి. స్థలం లేనివారు ఒక పాత డబ్బాలో పుదీనా, ఒక గోనెసంచిలో గోంగూర వేసుకోవచ్చు. మునగకొమ్మ నాటితే ఏడాది లోపలే ఆకు చేతికి వస్తుంది.

ఇక సంఘం పెద్దలకు రెండు సూచనలు. సంఘం తరఫున ఆసుపత్రులలో ఉన్న రోగుల పరామర్శకు పోయినప్పుడు పొడి డబ్బాలకు బదులు, డాక్టరు వద్దనని చోట, ఆ కాలంలో దొరికే పండ్లు తీసుకువెళ్దాము. చలికాలంలో జామ, ఉసిరి, ఎండలో బొప్పాయి, వానలు పడగానే నేరేడు. రెండోది, ఎవరైనా ఇంటికి వచ్చి ‘అన్ని జబ్బులకూ ఇదే’ అంటూ ఏదైనా అంటగట్టబోతే, కొనక ముందు సభ్యులలో ఉన్న డాక్టర్లనో, మా వంటి మాస్టర్లనో ఒక్క మాట అడగమని అన్ని కుటుంబాలకూ తెలియజేయండి. అడగడానికి రుసుము లేదు.

గంట కొట్టే వేళయింది.  భోజనాలు సిద్ధంగా ఉన్నాయని విన్నాము. ఉల్లిగడ్డ, నిమ్మకాయ పళ్లెం ఈసారి ఖాళీగా తిరిగి వెళ్లాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.